ఉన్ని కుప్పకు నిప్పు పెట్టిన సంఘం

1961 ఎండాకాలం. కల్వకుర్తి పశువుల దవాఖానలో నేను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరి రెండేళ్లు కావస్తోంది. మాది ఆలంపూర్ దగ్గర, తుంగభద్ర ఒడ్డు. నీళ్లు చూసి పెరిగినవాణ్ని. ఇక్కడికొచ్చాక రాళ్లనూ, గుట్టలనూ, వాటి మధ్య మెల్లగా కదిలే నల్ల గొర్రెల మందలనూ చూడటం అలవాటు చేసుకున్నాను. శ్రీశైలం పోయే రోడ్డు పక్కన రెండు గదుల రాతి కట్టడం మా దవాఖాన. ఒక గదిలో మందులు, ఇంకో గదిలో నేనూ, కాంపౌండరు హుసేన్ సాబూ. ఎద్దు మెడ మీద కాడి పుండు, ఈనలేక అవస్థపడే బర్రె, కాలు విరిగిన మేకపిల్ల. రోజూ వచ్చే కేసులు ఇలాంటివే.

గొర్రెలు మాత్రం దవాఖానకు రావు. డాక్టరే వాటి దగ్గరికి పోవాలి. పోదామంటే ఏ మందకు ఏం రోగమో చెప్పేవాళ్లుండరు. షీప్ పాక్స్ అనే రోగం ఒకటుంది. మనుషులకు వచ్చే మశూచి లాంటిదే, కాకపోతే గొర్రెలకు వస్తుంది. ఊళ్లలో దాన్ని కూడా అమ్మవారనే అంటారు. మందలో ఒక గొర్రె ముక్కు కారుస్తూ, తల వేలేసుకుని, మేత ముట్టకుండా నిలబడిందంటే పెంచినవాడికి సంగతి అర్థమైపోతుంది. అర్థమైన మరునాడే, పొక్కులు పైకి కనబడకముందే, మందను సంతకు తోలేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. ఇంటిల్లిపాదినీ ఏడాది పొడుగునా సాకేది ఆ మందే. కొన్నవాడు వాటిని ఇంకో ఊరికి తోలుకుపోతాడు. రోగం అట్లా సంతల వెంట నడిచిపోతుంది. నాకు కబురు అందేసరికి ఊళ్లో ఎండబెట్టిన తోళ్లు మాత్రమే మిగిలి ఉండేవి. రెండేళ్లలో ఒక్కసారి కూడా రోగం కంటే ముందు నేను చేరుకోలేదు.

ఒకరోజు పొద్దున దవాఖాన తలుపులు తీసేసరికి గేటు బయట ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. తలకు రుమాలు, మోకాళ్ల పైకి కట్టిన పంచె. భుజాన గొంగడి లేదు. కురుమ కాపరిని గొంగడి లేకుండా చూడటం నాకదే మొదలు.

"లోపలికి రారాదూ" అన్నాను.

"రాను సారూ. ఈడికి జీవాలొస్తయి గద. నా మందల అమ్మోరు పడ్డది. గొంగడి ఇంటికాడ్నే ఇడిసి, తానం చేసొచ్చిన. అయినా నాకు భయమే."

రోగం వచ్చిందని తనంతట తాను వచ్చి చెప్పినవాడు నా ఉద్యోగంలో అతనే మొదటివాడు.

అతని పేరు బీరయ్య. ఊరు ఎర్రగుంటపల్లి. రోడ్డు దిగి గుట్టల్లోంచి రెండు గంటల నడక. హుసేన్ సాబు సంచీ సర్దుతుండగా ఎన్ని రోజులైందని అడిగాను.

"మూడొద్దులాయె. ముందుగాల రెండు గొర్లు మేత ముట్టలే. నిన్న చూస్తే తోకల కింద గడ్డలు తేలినయి. నిన్ననే ఒక బేరగాడొచ్చి మందకు మందే అడిగిండు."

"ఇవ్వలేదా?"

"ఇయ్యలే."

దారిలో ఎదురుగా మేకల మంద వస్తే అతను బాట దిగి రాళ్లల్లోకి చాలా దూరం పోయి నిలబడ్డాడు. అవి దాటిపోయాకే మళ్లీ బాట ఎక్కాడు.

ఊరికి ఉత్తరాన గుట్ట పక్కన కంప దొడ్డిలో బీరయ్య మంద ఉంది. ఎనభై పైచిలుకు గొర్రెలు. ఉన్ని లేని చోట, అంటే తోక కింద, తొడల లోపల, పెదవుల మీద వేలితో తడిమి చూశాను. చింతగింజంత గడ్డలు చేతికి తగిలాయి. పది, పన్నెండింటికి కళ్లల్లోంచి నీరు కారుతోంది. అనుమానం లేదు. మందలో ఒక పొట్టేలు మాత్రం చురుగ్గా తిరుగుతోంది. దాన్ని పట్టుకుని తోక ఎత్తి చూస్తే అక్కడ ఎండిపోయిన పెచ్చులు. దానికి రోగం వచ్చి తగ్గిపోయింది.

"దీన్ని ఎక్కడ కొన్నవు?"

"నెలయింది సారూ. సంతల. అమ్మినోడు తిరుమలగిరి దిక్కు నుంచి తెచ్చిన అన్నడు." బీరయ్య వంగి పొట్టేలు తోక కింద తానే చూశాడు. "నేనే పైసలిచ్చి తెచ్చుకున్ననా?"

అమ్మినవాడు దాచాడు. బీరయ్య మంద మీద పడింది. బీరయ్య కూడా దాచి ఉంటే ఇంకెవరి మీదో పడేది.

అక్కణ్నుంచి మేం ఊళ్లోకి పోలేదు. ఊరే మా దగ్గరికి వచ్చింది. దొడ్డికి చాలా దూరంలో ఒక రాతి షెడ్డు ముందు నలభై మంది దాకా ఆడామగా నిలబడి ఉన్నారు. మేం చేతులు కడుక్కుని అక్కడికి నడిచాం, బీరయ్య మాత్రం కేక వినబడేంత దూరంలోనే ఆగిపోయాడు. వాళ్లలోంచి తెల్ల మీసాల పెద్దాయన ముందుకొచ్చి దండం పెట్టాడు. ఆయన కొమురయ్య, గొర్రెల ఉన్ని సహకార సంఘానికి అధ్యక్షుడు. ఊరివాళ్లు దాన్ని సొసైటి అనేవాళ్లు.

ఐదేళ్ల కిందట పెట్టుకున్నారట ఆ సంఘం. అంతకు ముందు ఉన్ని కత్తిరించగానే షావుకారు మనిషి వచ్చేవాడు. అతను చెప్పిందే తూకం. అందరూ విడివిడిగా అమ్ముకునేవాళ్లు. తర్వాత షావుకారు అదే ఉన్నిని నూలు వడికే కూలికి వాళ్ల ఆడవాళ్లకే ఇచ్చేవాడు. గొర్రె తమది, చెయ్యి తమది, గొంగడి మాత్రం షావుకారుది. సంఘం పెట్టాక అందరి ఉన్నీ ఒకే షెడ్డులో పోసి, ఇళ్లల్లో వడికి, షెడ్డులోని గుంట మగ్గాల మీద నేసి, గొంగళ్లు తామే అమ్ముకుంటున్నారు. ఆ రాతి షెడ్డు కూడా వాళ్లే కట్టుకున్నారు. గుట్ట నుంచి రాయి మోసింది ఆడవాళ్లని కొమురయ్య చెప్పాడు.

చెయ్యాల్సినవి చెప్పాను. మొదటిది క్వారంటైన్, అంటే రోగమున్న మందను మిగతావాటికి దూరంగా కట్టడి చేయడం. బీరయ్య మంద ఆ దొడ్డి దాటకూడదు. అది తాగే బావి నీళ్లు, అది మేసిన బీళ్లు ఇంకే మందా ముట్టకూడదు. రెండోది రింగ్ వాక్సినేషన్. రోగమున్న చోటు చుట్టూ గీత గీసినట్టు, ఆరోగ్యంగా ఉన్న మందలన్నిటికీ టీకాలు వేయడం. టీకా మందు హైదరాబాదు నుంచి మంచు ముక్కలు నింపిన ఫ్లాస్కులో రావాలి. మూడు రోజులు పడుతుంది. అంతదాకా ఒక్క గొర్రె కూడా ఊరు దాటొద్దు, సంతకు పోవద్దు.

ఇట్లాంటి మాటలు నేను అంతకుముందు ఎన్నో ఊళ్లల్లో చెప్పాను. తలలూపేవాళ్లు. నేను వెనక్కి తిరగ్గానే మందలు కదిలేవి. ఇక్కడ కొమురయ్య అక్కడికక్కడే పనులు పంచాడు. ఉత్తరపు బావి బీరయ్య ఒక్కడికే. ఆ బావి కింద తాగే మూడు మందలను ఇంకో బావికి మార్చారు. బీరయ్య మందకు మేతగా తుమ్మకాయ, రావి రొట్ట ఎవరు ఏ రోజు కోసుకొచ్చి దొడ్డి దగ్గర పెట్టాలో చెప్పాడు. ఇద్దరిని పిలిచి, "మీరు సంతకు పోండ్రి. ఏం తోలుకపోవద్దు, ఏం తేవద్దు. మా ఊర్ల అమ్మోరు ఉన్నది, ఇటు రావద్దని చాటి చెప్పి రాండ్రి" అన్నాడు.

"చాటి చెప్తే ఈ ఏడాది మీ గొర్రెల్ని ఎవరూ కొనరు" అన్నాను.

"కొనరు. మాకెరికే సారూ."

అప్పుడు నా కళ్లు షెడ్డు తలుపు మీద పడ్డాయి. తెరిచి ఉంది. లోపల నల్లగా, దూలాల దాకా, ఉన్ని కుప్ప.

"బీరయ్య మందకు ఉన్ని ఎప్పుడు కత్తిరించారు?"

ఎనిమిది రోజులైందని బీరయ్యే దూరం నుంచి అరిచి చెప్పాడు. పొట్టేలుది కూడా. ఆ ఉన్ని ఎక్కడ? షెడ్డులోనే. అందరి ఉన్నితో కలిపేశారు. మంచిదీ, నాసిదీ ఏరి, దులిపి, ఒక్కటిగా పోశారు. ఆ వారమే దాన్ని వడకడానికి ఇంటింటికీ పంచాల్సి ఉంది. ప్రతి ఇంటి వాకిట్లో గొర్రెలున్నాయి. పక్కనున్న రెండు ఊళ్ల సభ్యులకు కూడా ఆ కుప్పలోంచే పోతుంది.

చెప్పక తప్పదు. రోగం ఒంట్లో చేరాక బయటపడటానికి వారం, పది రోజులు పడుతుంది. దాన్ని ఇంక్యుబేషన్ పీరియడ్ అంటాం. కత్తిరించే నాటికే ఆ గొర్రెల ఒంట్లో రోగం ఉండి ఉండాలి. పొట్టేలు పెచ్చులు కొన్నయినా కత్తెర వెంట రాలి ఉంటాయి. ఎండిన పెచ్చులో ఆ రోగం నెలల తరబడి చావదు. ఇదంతా చెప్పాను.

కొమురయ్య షెడ్డు గుమ్మం దాకా పోయి కుప్పను చూసొచ్చాడు. తర్వాత అడిగాడు. "సారూ, గా ఉన్నిల రోగం ఉన్నదని మీరు కచ్చితంగ చెప్తరా?"

"చెప్పలేను. ఉండొచ్చు. లేకపోవచ్చు."

"ఉడకబెడితే?"

"చస్తుంది. కానీ అంత ఉన్ని ఉడకబెట్టడానికి నీళ్లేవి? మళ్లీ దాన్ని చేతులతో పట్టి, మోసి, ఆరబెట్టేటప్పుడు పెచ్చులు ఎక్కడ పడతాయో?"

"మరేం జెయ్యమంటరు?"

"నేనైతే కాల్చెయ్యమంటాను. కానీ బలవంతం చేసే అధికారం నాకు లేదు."

మళ్లీ ఉన్ని కత్తిరించేదాకా, ఆ కుప్ప ఆరు నెలల బతుకు. వానలు పడేదాకా పొలాల్లో పనుండదు. ఆ గొంగళ్ల మీదే నలభై ఇళ్లు నడవాలి. నన్ను తిడతారనుకున్నాను. కనీసం బీరయ్యను తిడతారనుకున్నాను. కొమురయ్య అందరినీ షెడ్డు నీడలో కూర్చోబెట్టాడు. వాళ్ల రూలు ప్రకారం ఒక మనిషికి ఒక చెయ్యి. వంద గొర్రెలున్నవాడు ఎత్తేదీ ఒక్క చెయ్యే, పది గొర్రెలున్నవాడు ఎత్తేదీ ఒక్క చెయ్యే.

ముందుగా లేచింది కిష్టయ్య. బక్కపల్చటి మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. "బీరయ్య ఉన్ని ఎంతనో అంత తీసి కాల్చుండ్రి. నా ఉన్ని ఏం పాపం జేసింది? సారే చెప్పబట్టె, ఉండొచ్చు, లేకపోవచ్చని. గంత మాటకు కుప్పంత కాలబెడ్తమా?"

న్యాయమైన మాట. అంత దూరం నుంచి బీరయ్య కేక వేశాడు. "అన్నలారా, నా గొర్లు బతికితే నాకున్నదంత మీకే రాసిస్త. నా కోసం మీరు కాలిపోవద్దు."

అప్పుడు ఎల్లవ్వ లేచింది. అరవై దాటిన వితంతువు. ఊళ్లోకెల్లా సన్నని నూలు వడికే చెయ్యి ఆమెది. సంఘంలో ఆమె పేరు మీదే వాటా ఉంది. "నువ్వు ఊకో బీరయ్యా" అంది ముందు అటు తిరిగి. తర్వాత కిష్టయ్య వైపు చూసింది. "కిష్టయ్యా, ఉన్ని కలిపిన్నాడు గిది ఎవలది, గది ఎవలదని అడిగినమా? కాల్చేనాడు ఎట్ల అడుగుతం? ఆ కుప్పల నీ ఉన్ని ఏది, జర తీసి సూపెట్టు. సూపెడితే నీది నీకిచ్చేద్దం."

కిష్టయ్య కుప్ప వైపు చూశాడు. ఎవరూ నవ్వలేదు.

"పంచుకపోయినంక మా ఇంట్ల గొర్రె చస్తే, గా ఉన్నితోనే సచ్చిందా అని జన్మంత అనుమానపడాలె. పక్కూరోళ్లది సస్తే వాళ్ల ముఖమెట్ల జూస్తం?" అని ఎల్లవ్వ కూర్చుంది.

కొమురయ్య చేతులెత్తమన్నాడు. లేచిన చేతులు లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. లేవనిది ఒక్కటే, కిష్టయ్యది. అతను అందరికీ వినబడేలా అన్నాడు. "నాకిది ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు. అయినా సొసైటి మాట అయిపోయింది గద." అని లేచి, షెడ్డులోకి పోయి, మొదటి గంప తానే నింపుకుని బయటికొచ్చాడు.

ఓడినవాడు మొదటి గంప ఎత్తడం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు.

ఉన్ని సులువుగా కాలదు. నిప్పు పెడితే ముడుచుకుని, పొగ కక్కి ఆరిపోతుంది. పొగ ఊరి మీదికి పోని దిక్కున గుంట తవ్వి, ఎండు కంప ఒక వరస, తాటాకు ఒక వరస, ఉన్ని ఒక వరస వేసి అంటించారు. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా కాల్చారు. వెంట్రుకలు కాలిన వాసన, నల్లటి జిడ్డు పొగ. గంపలు మోసినవాళ్ల బట్టలు కూడా అందులోనే వేశారు. వడకాల్సిన ఆడవాళ్లు వరసగా నిలబడి చూశారు. ఒకరిద్దరు ఏడ్చారు. ఎవరూ బీరయ్య దొడ్డి వైపు తిరిగి ఒక్క మాట అనలేదు. షెడ్డు నేల మీద సున్నం చల్లి, కత్తెరలు నిప్పుల్లో కాల్చి, చేతులు కడుక్కున్నాక కొమురయ్య నాకు మజ్జిగ ఇప్పించాడు. ఒకవేళ ఆ ఉన్నిలో రోగమే లేకపోతే? ఆ ప్రశ్న ఇప్పటికీ నాకు తెగలేదు.

నాలుగో రోజు టీకా మందు వచ్చింది. ఫ్లాస్కు తెరిస్తే మంచు తక్కువ సమయమే ఆగుతుంది కాబట్టి తెల్లవారగానే మొదలుపెట్టాం. నేను అడగకముందే మందలు ఒకదానికొకటి తగలకుండా, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లే తోలుకొచ్చారు. నేనూ, హుసేన్ సాబూ నడుం ఎత్తకుండా సూదులు వేశాం. పొద్దు గూకేలోపు, బీరయ్య మంద తప్ప, ఊళ్లో టీకా పడని గొర్రె లేదు. ఆ మర్నాడు పక్క ఊళ్లు.

బీరయ్య రెండు నెలలకు పైగా దొడ్డి దగ్గరే ఉన్నాడు. ఒక రాళ్ల వరస పేర్చి అదే హద్దు అన్నారు. అతని భార్య రోజూ సద్ది ముంత ఆ రాళ్ల మీద పెట్టి వెనక్కి నడిచేది. అతను వచ్చి తీసుకునేవాడు. ఇద్దరూ అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. రొట్ట ఒక్కరోజు ఆగలేదు. గొర్రెలు మాత్రం చనిపోతూనే ఉన్నాయి. పిల్లలు దాదాపు అన్నీ పోయాయి. పోయినదాన్ని పోయినట్టు అతనే గోతిలో సున్నం వేసి పూడ్చాడు. తోలు ఒలిచి అమ్ముకోలేదు. చివరికి ఇరవై ఆరు మిగిలాయి.

మగ్గాలు ఆగిపోయిన ఆ నెలల్లో ఊరు ఎట్లా బతికిందో కూడా చెప్పాలి. నల్గొండ దిక్కు కృష్ణ మీద పెద్ద కట్ట పని నడుస్తున్న రోజులవి. సంఘం సభ్యులు సగం మంది మట్టి పనికి పోయారు. పోయినవాళ్ల గొర్రెలను ఉన్నవాళ్లు మేపారు. కొన్ని వారాలకు వాళ్లొచ్చి వీళ్లు పోయారు. ఏ కుటుంబమూ మంద అమ్ముకోలేదు.

ఎర్రగుంటపల్లిలో బీరయ్య మంద తప్ప ఇంకే మందకూ రోగం రాలేదు. పక్కనున్న రెండు ఊళ్లకూ రాలేదు. అదే ఎండాకాలం సంత బాట వెంట ఉన్న వేరే ఊళ్లల్లో గొర్రెలు గుట్టలుగా పోయాయి.

చివరి పెచ్చు రాలి నలభై రోజులు దాటాక క్వారంటైన్ ఎత్తేయడానికి పోయాను. అప్పటికి వానలు పడ్డాయి. బీరయ్య మందను మళ్లీ తడిమి చూసి, "ఇక దొడ్డి తీసెయ్యొచ్చు" అన్నాను. రాళ్ల వరస అవతల ఊరంతా నిలబడి ఉంది. ఒక్కో ఇంటివాళ్ల పక్కన టీకా పడ్డ ఒక్కో ఆడగొర్రె.

"ఎవల ఇంటి గొర్రె వాళ్లే ఏరుతే కుంటిదో, ముసల్దో ఇస్తరు. అందుకే నేను ఇంటింటికి పోయి ఏరిన" అంది ఎల్లవ్వ. చుట్టూ ఉన్నవాళ్లు పెద్దగా నవ్వారు. కిష్టయ్య తల గోక్కుంటూ, "నా మందల మంచిదాన్నే పట్టుకొచ్చింది సారూ, వద్దన్నా ఇన్లే" అన్నాడు. అతను కూడా నవ్వుతున్నాడు.

బీరయ్య నవ్వలేదు. ఒక్కొక్క గొర్రె హద్దు దాటి వచ్చి తన మందలో కలుస్తుంటే రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఉద్యోగిని, పక్కకు చూడాలి. చూడలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు అతను రోడ్డు దాకా నా వెంట నడిచాడు. మొదటిరోజు నుంచీ నాలో ఉన్న మాట అప్పుడడిగాను. "బేరగాడు వచ్చిన రోజు మంద అమ్మేసుకుంటే నీ పైసలు నీకు దక్కేవి. చెప్తే ఊరు నిన్ను వెలేస్తదేమోనని భయం కాలేదా?"

అతను నా ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. "ఎవలకు భయపడాలె సారూ? షెడ్డుల నా ఉన్ని ఉన్నది, వాళ్ల ఉన్ని ఉన్నది. దాస్తే నాది నేను దొంగిలించుకున్నట్టు గాదా?"

జిల్లా ఆఫీసుకు పంపిన రిపోర్టులో, సకాలంలో టీకాలు వేయడం వల్ల రోగం ఒక్క మందతో ఆగిందని రాశాను. పై అధికారులు మెచ్చుకున్నారు. ఫారంలో రోగం పేరు రాయడానికి గడి ఉంది, టీకాల సంఖ్యకు గడి ఉంది. కిష్టయ్య ఎత్తిన గంపకు గడి లేదు. ఆ తర్వాత పాతికేళ్లు చాలా తాలూకాలు తిరిగాను. మంచి మందులు వచ్చాయి, మంచు పెట్టెలు వచ్చాయి. అయినా ఎక్కడ రోగం పడిందని తెలిసినా, ఊళ్లో అడుగుపెట్టగానే నేను ముందు గొర్రెలెన్ని అని అడగలేదు. ఇక్కడ మీరంతా కలిసి పెట్టుకున్న సంఘం లాంటిది ఏమైనా ఉందా అని అడిగాను. ఉందంటే, సూదులు మరగబెట్టడానికి నీళ్లు పెట్టమనేవాణ్ని. లేదంటే, ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టేవాణ్ని.